గాలిలో తెరచాప, కృష్ణలో పుట్టి



ఈ సాయంకాలము నేను మాటలాడదలచిన విషయము మొదట వినుటకు మనకు సంబంధము లేనిదిగా తోచవచ్చును. అది యొక జలక్రీడ. దానిని విండ్‌సర్ఫింగు అందురు. ఒక పలక, దానిపై నొక తెరచాప, ఆ తెరచాపను చేతులతో పట్టుకొని నిలుచున్న యొక మనుష్యుడు. ఆ క్రీడకు కావలసిన సామగ్రి యింతే. కొల్లాపూరు ప్రాంతపు పెద్దలకు, మామిడితోటలును మెట్టచేలును చూచుకొనువారికి, ఈ యాటతో పనియేమి యని మీరడుగవచ్చును. పనియున్నది. మన యూళ్లకు దాపున కృష్ణానది యున్నది. ఆ నదిని దాటి బంధువుల యిండ్లకును జాతరలకును పోవువారున్నారు. వలలు తీసికొని తెల్లవారకమునుపే నీటిమీదికి పోవు జాలరులున్నారు. గాలి మిక్కుటముగ వీచు దినమున నీటిపై నేమి జరుగునో, మనుష్యుడేమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలిసికొనుటకు ఈ యాటకంటె స్పష్టమైన పాఠము నాకు కనబడలేదు. అందుచేత దీనిని గురించి ముచ్చటించెదను.

తెరచాప మనకు క్రొత్తది కాదు. సముద్రతీరమున మన తెలుగు జాలరులు తరతరములుగ తెరచాప లెత్తి నావలు నడపినవారే. ఐతే ఆ నావలలో తెరచాపకొయ్య నావకు గట్టిగ బిగించబడి యుండును. నావను త్రిప్పుటకు వెనుక చుక్కాని యుండును. విండ్‌సర్ఫింగు పలకకు చుక్కాని లేదు. కొయ్య బిగించబడియుండదు. అన్నివైపులకు వంగు నొక కీలుతో అది పలకకు తగిలించబడి యుండును. కొయ్యను పట్టుకొని నిలువబెట్టువాడు మనుష్యుడే. తెరచాపకు ఇరుప్రక్కల విల్లువలె వంగిన యొక కఱ్ఱ యుండును. దానిని రెండుచేతులతో పట్టుకొని అతడు గాలిని తన వశముచేసికొనును. కొయ్యను ముందునకు వంచినచో పలక గాలికి పెడమొగమై తిరుగును. వెనుకకు వంచినచో గాలికి ఎదురుమొగమై తిరుగును. పలక అడుగున చేపరెక్కవంటి యొక రెక్క యుండి, పలకను ప్రక్కకు జారిపోనీయక ముందునకు నడిపించును.

ఇట్టి సాధనమును ఎవరు మొదట కనిపెట్టిరను విషయమై న్యాయస్థానములలో వాదములు కూడ జరిగినవి. అమెరికాదేశమున కాలిఫోర్నియాయందు జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్‌జర్ అను నిద్దరు 1968లో దీనికి హక్కుపత్రము కోరిరి. అంతకు ముందే, 1964లో, పెన్సిల్వేనియాయందు న్యూమన్ డార్బీ అనునతడు తెరచాప తగిలించిన పలకనొకదానిని చేసియుండెను. ఇంగ్లండునందు పీటర్ చిల్వర్స్ అను పండ్రెండేండ్ల బాలుడు 1958లోనే అట్టిదానిని తయారుచేసికొని ఆడుకొనెనని తరువాత అక్కడి న్యాయస్థానమున నిరూపింపబడినది. పిల్లవాని యాటగా పుట్టిన యీ విద్య 1984లో లాస్ ఏంజెలెసు ఒలింపిక్ క్రీడలలో పురుషులకును, 1992లో బార్సిలోనా క్రీడలలో స్త్రీలకును పోటీగా ప్రవేశపెట్టబడినది.

మన ప్రాంతమున తెరచాప క్రీడలకు ప్రసిద్ధిచెందిన నీరు హైదరాబాదులోని హుసేనుసాగరము. కుతుబుషాహీ ప్రభువు ఇబ్రహీము కాలమున, పదునాఱవ శతాబ్దియందు త్రవ్వబడిన యా చెరువునందు సికిందరాబాదు నావికాసంఘమువారును, సైన్యమునకు చెందినవారును తెరచాపపడవలను నడుపుదురు. వారు తమ పెద్దపోటీలను నైరుతి ఋతుపవనములు వీచు వానకాలముననే పెట్టుకొందురు. కారణము మీకు చెప్పనక్కరలేదు. మృగశిర కార్తె మొదలు ఆశ్లేష వఱకు మన పీఠభూమిపై పడమటిగాలి యెట్లు వీచునో మీరెఱిగినదే. తూర్పారబట్టువాడు ఏ గాలికై యెదురుచూచునో, తెరచాపవాడును ఆ గాలికే యెదురుచూచును.

గాలి మిక్కుటముగ నున్న యొక ఆషాఢదినమున అట్టి చెరువుగట్టున నిలిచి చూచితిమా, నేర్పుగలవానికిని నేర్పులేనివానికిని భేదము వెంటనే తెలియును. నేర్పులేనివాడు గాలి విసరినకొలది తెరచాపను ఇంకను గట్టిగ పట్టుకొనును. తన బలముచేత గాలిని గెలువజూచును. ఒక్క విసురు రాగానే తెరచాప వానిని ఎత్తి ముందునకు విసరివేయును. నేర్పుగలవాడు అట్లు చేయడు. విసురు వచ్చుచున్నదని నీటిపై నల్లగ సాగివచ్చు ముడుతను చూచియే గ్రహించును. మోకాళ్లు వంచి, వెనుకకు వ్రాలి, తన దేహభారమును గాలికి ప్రతిగా నిలుపును. అంతకును మించినచో వెనుకచేతిని సడలించును. తెరచాప తలుపువలె తెరచుకొని గాలి జారిపోవును. అదియును చాలనిచో కఱ్ఱను పూర్తిగ వదలివేయును. తెరచాప నీటిపై పడును, పలక నిలిచిపోవును. గాలి తగ్గినపిమ్మట త్రాటితో తెరచాపను లేవదీసి మరల ప్రయాణము సాగించును. ఈ విద్యలో మొదటిపాఠము పట్టుకొనుట కాదు, వదలుట.

గాలిని బలముతో ఏల గెలువలేము? దీనికి లెక్క కలదు. గాలివేగము రెట్టింపైనచో దాని త్రోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. వేగము మూడు రెట్లైనచో త్రోపు తొమ్మిది రెట్లగును. ఆఱు చదరపు మీటర్ల తెరచాపకు గాలి సూటిగ తగిలినదనుకొందము. గంటకు 18 కిలోమీటర్ల గాలి దానిని సుమారు 9 కిలోల బరువుతో త్రోయును. దీనిని బాలుడు కూడ ఓర్చుకొనగలడు. గాలి 36 కిలోమీటర్లైనచో త్రోపు 36 కిలోలగును. 54 కిలోమీటర్లైనచో 81 కిలోలు, అనగా ఒక వడ్లబస్తాకంటె నెక్కువ బరువు. చేతులు అవే, తెరచాప అదే. గాలిమాత్రము మూడు రెట్లైనది. అందుచేతనే గాలి హెచ్చినదినమున నేర్పరులు చిన్న తెరచాప కట్టుదురు. గాలి తక్కువైనదినమున ఎనిమిది చదరపు మీటర్ల గుడ్డ కట్టినవాడు గాలి మిక్కుటమైనదినమున నాలుగు మీటర్ల గుడ్డయే కట్టును.

ఈ క్రీడవారికి మరికొన్ని నియమములు కలవు. వానిలో మూడింటిని మనము గుర్తుంచుకొనవలెను.

మొదటిది: గట్టునుండి నీటివైపునకు వీచు గాలిలో దిగరాదు. అట్టి గాలి కనులను మోసగించును. పడమటిగాలి వీచుదినమున పడమటిగట్టున నిలిచి చూచువానికి నీరు అద్దమువలె కనబడును. ఏలయనగా వెనుకనున్న కొండయో చెట్లో గాలిని అడ్డగించుచున్నవి. కొంతదూరము పోయినపిమ్మట ఆ అడ్డు తొలగును. గాలియు తరంగములును అక్కడ హఠాత్తుగ మీదపడును. తిరిగి రాదలచినచో గాలి ఎదురు. బలము తగ్గినవానిని అది నడినీటికే తీసికొనిపోవును.

రెండవది: ఏమి జరిగినను పలకను వదలి ఈదరాదు. పలక తేలును, మనుష్యుడు అలసిపోవును. గజఈతగాండ్రు కూడ గట్టు దగ్గరనేయున్నదని పలకను వదలి ప్రాణముమీదికి తెచ్చుకొనుట కలదు. పలకపైననే యుండి, రెండుచేతులను చాచి పైకిని క్రిందికిని ఆడించినచో అది సహాయము కోరు గుర్తు.

మూడవది: లైఫు జాకెట్టు లేక నీటిమీదికి పోరాదు. నేర్పరియు దానిని తొడుగును. నేర్పునకు ఇది యవమానము కాదు.

ఇక మన కృష్ణకు వచ్చెదను.

పూర్వము మన పెద్దలెఱిగిన కృష్ణ వేరు, ఇప్పటి కృష్ణ వేరు. శ్రీశైలము ఆనకట్టకు 1963లో పునాది వేయబడి, 1981 నాటికి నిర్మాణము పూర్తియైనది. దాని పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. ఆ నీరు వెనుకకు నిలిచి నదీతీరమున నున్న యెన్నో గ్రామములను ముంచినది. జటప్రోలులోని మదనగోపాలస్వామి యాలయమును, సోమశిలలోని శివాలయమును ఊడదీసి మెట్టకు తరలించి మరల కట్టవలసివచ్చినది. ఎదుటియొడ్డున సంగమేశ్వరుడు వానకాలమున నీటిలో మునిగి, నీరు తగ్గినపుడు మాత్రమే దర్శనమిచ్చును. ఇవి మీరు కన్నులార చూచినవే. ఐతే ఒక మార్పు అంత సులభముగ కంటికి కనబడునది కాదు. దానినే నేను ముఖ్యముగ చెప్పదలచితిని.

నది పాఱునపుడు ప్రమాదము ప్రవాహమున నుండెను. ఎక్కడ సుడియున్నదో, ఎక్కడ బండలున్నవో, ఏ రేవున ఎంతలోతో మన తాతలకు తెలియును. ఆ తెలివి ప్రవాహమునకు సంబంధించినది. నీరు నిలిచి వెడల్పైనపుడు ప్రమాదము ప్రవాహమునుండి గాలికి మాఱినది. నీటిపై తరంగము పెరుగుటకు మూడు కారణములు కావలెను: గాలియొక్క వేగము, అది వీచిన కాలము, నీటిపై అది అడ్డులేక పరుగెత్తిన దూరము. సన్నని నదిలో అడ్డముగ వీచు గాలికి పరుగెత్తుటకు దూరము చాలదు. కనుక తరంగము చిన్నదిగ నుండెను. ఇప్పుడు జలాశయము నిండినపుడు అదే గాలికి ఎంతో దూరము తెఱపి యున్నది. తాతగారి కాలమున ఏ గాలిలో పుట్టి దాటెనో, మనుమని కాలమున అదే గాలిలో దాటలేకపోవచ్చును. ఇందులో తాతగారి తప్పు లేదు, మనుమని తప్పు లేదు. నీరు మాఱినది.

పుట్టి సంగతి మీకు నేను చెప్పవలసినది కాదు. వెదురుతో గంపవలె అల్లి, అడుగున పూర్వము తోలు, తరువాత తారుపూసిన గుడ్డ వేసిన గుండ్రని వాహనము. లోతు తక్కువైనచోటను, బండలనడుమను అది చేయు సేవ నావ చేయలేదు. బండకు తగిలినను విఱుగక వంగును. ఐతే దానికి ముక్కు లేదు, అడుగున రెక్క లేదు. గాలి ఎటు త్రోసిన అటు జరుగును, గుండ్రముగ తిరుగును. తెడ్డువేయువాని బలము తప్ప దానికి వేరు ఆధారము లేదు.

మరియొక సంగతి గమనింపుడు. పుట్టికి తెరచాప లేదని మనము తలతుము. కాని పుట్టిలో నిలుచున్న మనుష్యుడే తెరచాప. అతని వీపు, అతని దుప్పటి, స్త్రీల చీరచెఱగులు, తెరచిన గొడుగు, ఇవన్నియు గాలిని పట్టును. పదిమంది నిలుచున్న పుట్టికి పది చిన్న తెరచాపలు కట్టినట్లే. ఇందాక చెప్పిన లెక్కయే దానికిని వర్తించును. విండ్‌సర్ఫింగు చేయువాడు గాలి మించినపుడు తెరచాపను వదలివేయగలడు. పుట్టిలోనివారు దేనిని వదలగలరు? కూర్చుండినచో కొంత మేలు. అందఱును అడుగున కూర్చుండినచో గాలికి తగులు భాగము తగ్గును. బరువును క్రిందికి దిగును. కాని అంతకుమించి వదలదగినది నడినీటిలో ఏదియు లేదు. అక్కడ వదలదగిన తెరచాప ఒకటే. అది ప్రయాణము. దానిని గట్టుననే వదలవలెను.

భారము సంగతియు నిట్టిదే. ఒక్కొక్క మనుష్యుడు ఎక్కినకొలది పుట్టియంచు నీటికి దగ్గరగును. అంచు నీటికి మూరెడు పైనున్నపుడు జానెడు తరంగము దానినేమియు చేయదు. అంచు జానెడే యున్నపుడు అదే తరంగము లోపలికి వచ్చును. వచ్చిన నీరు బరువై అంచును మరికొంత దించును. రెండవ తరంగము సులభముగ వచ్చును. జనము భయపడి ఒకప్రక్కకు ఒరుగుదురు. అంతతో ముగియును.

ఇది ఊహించి చెప్పుచున్నది కాదు. 2007 జనవరి మాసమున, సంక్రాంతి వెళ్లిన దినములలో, ఎదుటియొడ్డునుండి మన సింగోటము లక్ష్మీనరసింహస్వామి జాతరకు వచ్చుచున్న జనము మంచాలకట్ట దగ్గర కృష్ణలో మునిగిరి. సుమారు అఱువదిమంది ప్రాణములు పోయినవి. వారిలో స్త్రీలును పిల్లలును ఉండిరి. మోయదగినదానికంటె నెక్కువమందిని ఎక్కించుకొనుటయే ఆనాటి విపత్తునకు కారణముగ చెప్పబడినది. దేవుని దర్శనమునకు బయలుదేరినవారు ఇండ్లకు తిరిగిరాలేదు. ఆ దినమును మఱచినవారు ఈ తీరమున లేరు. ఎక్కువ గాలిలేని కాలముననే భారమొక్కటి యింతపని చేయగలిగినపుడు, భారమునకు గాలియు తోడైన దినమున ఏమగునో ఆలోచింపుడు.

గాలిని కొలుచుటకు యంత్రము కావలెనా? అక్కరలేదు. 1805 ప్రాంతమున బోఫర్టు అను ఆంగ్ల నౌకాధికారి గాలిని సున్న మొదలు పండ్రెండు వఱకు తరగతులుగ విభజించెను. తరువాతివారు దానికి నేలమీది గుర్తులను చేర్చిరి. వానిని మన రేవుగట్టున నున్న వేపచెట్టును చూచియే తెలిసికొనవచ్చును. ఆకులును సన్నని రెమ్మలును ఎడతెగక కదలుచున్నచో గాలి మూడవ తరగతి, గంటకు 12 మొదలు 19 కిలోమీటర్లు. దుమ్మును ఎండుటాకులును లేచి, చిన్నకొమ్మలు కదలుచున్నచో నాలుగవది, 20 మొదలు 28 కిలోమీటర్లు. అప్పుడే నీటిపై తెల్లనినురుగులు తఱచుగ కనబడును. చిన్నచెట్లు మొదలంట ఊగుచున్నచో అయిదవది, 38 కిలోమీటర్ల వఱకు. పెద్దకొమ్మలు ఊగి, గొడుగు పట్టుట కష్టమైనచో ఆఱవది, 49 కిలోమీటర్ల వఱకు. విండ్‌సర్ఫింగునందు ఆరితేఱినవారికి అయిదవ, ఆఱవ తరగతులు పండుగ. మన పుట్టికి నాలుగవ తరగతియే హెచ్చరిక. నీటిపై తెల్లనినురుగు కనబడినది మొదలు జనమును ఎక్కించుకొనరాదని రేవున నియమము పెట్టుకొనుట మేలని నా మనవి. నురుగును చూచుటకు చదువక్కరలేదు. పిల్లవాడును చూచి చెప్పగలడు.

ఆషాఢపు గాలి చెప్పి వచ్చును, ఉదయమునుండి వీచుచునేయుండును. చైత్రవైశాఖముల సాయంకాలపు గాలివాన అట్టిది కాదు. మామిడితోటలు గలవారికి దాని సంగతి తెలియును. ఒక్క గడియలో ఏడాదిపంటను నేలరాల్చి పోవును. దాని తీరు వినుడు. పగటియెండకు కాగిన గాలి పైకెగసి మేఘమగును. మేఘములోని వాన జారునపుడు చల్లని గాలి దానితోకూడ బరువుగ క్రిందికి పడును. నేలను తాకి అన్నివైపులకు చిమ్ముకొని పరుగెత్తును. కనుక వానకంటె ముందే గాలి వచ్చును. దానికి ముందు తఱచుగ గాలి స్తంభించును. ఉక్కపోయును. నీరు నిశ్చలమగును. తరువాత చల్లనిగాలి యొకటి చెంపకు తగులును. ఆ చల్లనిగాలి తగిలిననాడు హాయిగనున్నదని పుట్టినెక్కరాదు. నీటిమీద నున్నవాడు దగ్గరిగట్టునకు, అది ఏ గట్టైనను సరే, చేరుకొనవలెను. ఊరు ఎదుటనున్నదని ఎదురు పోరాదు.

సోమశిలనుండి సిద్ధేశ్వరమునకు తీగెలవంతెన కట్టుటకు 2022లో కేంద్రప్రభుత్వము వేయికోట్ల రూపాయలకు పైబడిన పనికి అనుమతి నిచ్చినది. వంతెన బాటసారికి మేలుచేయును. కాని చేపలు పట్టువానికి వంతెనతో పనిలేదు. అతని బ్రతుకు నీటిమీదనే. జాతరదినములందు దగ్గరిదారి అని రేవునకు పరుగెత్తువారును ఉండనేయుందురు. అందుచేత ఈ మాటలు పాతబడవు.

పెద్దలారా! రేవున పుట్టివాడు కాదనలేడు. ఎక్కువమంది ఎక్కిన కూలి ఎక్కువ వచ్చును. పైగా ఎక్కుదుమని వచ్చినవారు బంధువులు, ఎఱిగినవారు. యువకుడు కాదనలేడు; పిఱికివాడందురని సిగ్గుపడును. కాదనగల యధికారము మీయొక్కరికే కలదు. ఊరిలో పెండ్లికి ముహూర్తము చెప్పువారు మీరు. విత్తుటకు అదను చెప్పువారు మీరు. నేడు గాలి బాగుగలేదు, రేపు పొండు అను మాటయు మీనోట వచ్చినచో ఎవరికిని చిన్నతనము కాదు. దేవుడు రేపటివఱకు కోవెలలోనే యుండును. చుట్టములు ఒకపూట ఆలస్యమునకు కోపగించుకొన్నను తరువాత సమాధానపడుదురు.

హుసేనుసాగరమున తెరచాప పట్టినవాడు గాలి మించినపుడు తనచేతిలోని కఱ్ఱను సడలించి తన ప్రాణమును దక్కించుకొనును. చూచువారెవరును అతనిని ఓడిపోయినవాడనరు. నేర్పరి యనియే అందురు. మన రేవున ప్రయాణమును ఒకపూట సడలించినవానిని గూడ ఊరు నేర్పరి యని గౌరవించుగాక. ఈ సంవత్సరము జాతరకు జనము బయలుదేరునపుడు మీలో నొక్కరు రేవునకు పోయి వేపచెట్టువైపొకసారి, నీటివైపొకసారి చూచి, ఎక్కినవారిని లెక్కపెట్టినచో నా ప్రసంగము ఫలించినట్లే.